నాడీకణాల మధ్య మాట మోసే ప్రోటీన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇందులో సగం ప్రశ్నలు ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లవి. మిగతా సగం "ఇంతకీ రోజంతా అక్కడ చేసేదేమిటి?" అని అడిగే ఇంట్లోవాళ్లవి, స్నేహితులవి. ఎవరికి కావలసిన చోటి నుంచి వాళ్లు చదువుకోవచ్చు. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో తేలిపోయింది. కొన్నిటి దగ్గర నేనే ఆగలేకపోయాను.

నరాల్లో పోయేది కరెంటే కదా, మధ్యలో ప్రోటీన్లతో పనేముంది?

కరెంటే, కానీ తీగలో పోయే కరెంటు లాంటిది కాదు. నాడీకణం పొరలో సోడియానికీ పొటాషియానికీ వేర్వేరు ద్వారాలుంటాయి. అవి ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకుంటూ, మూసుకుంటూ పోతే సంకేతం కణం ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తుంది. ఆ ద్వారాలు ప్రోటీన్లే. అంటే సందేశం పక్క కణాన్ని చేరకముందే వీటి పని మొదలైపోయింది.

అసలు చిక్కు కొసకు చేరాక వస్తుంది. తర్వాతి కణం దీనికి అతుక్కుని ఉండదు. రెండింటి మధ్య సుమారు 20 నానోమీటర్ల సందు ఉంటుంది. మామూలు కాగితం మందాన్ని ఐదు వేల పొరలుగా చీల్చగలిగితే ఒక్క పొర అంత ఉంటుందనుకోండి. ఆ సందునూ దాని రెండు ఒడ్డులనూ కలిపి సైనాప్స్ అంటారు. ఈ పేరును బ్రిటిష్ శాస్త్రవేత్త షెరింగ్టన్ 1897లో వాడుకలోకి తెచ్చారు. సంకేతం ఇవతలి ఒడ్డున రసాయనంగా మారుతుంది, సందు దాటుతుంది, అవతలి ఒడ్డున మళ్లీ విద్యుత్తవుతుంది. ఈ రెండు మార్పులూ ప్రోటీన్ల చేతి మీదుగానే జరుగుతాయి. రసాయనం అవసరం లేకుండా నేరుగా కరెంటు దాటే సైనాప్స్‌లు కూడా కొన్ని ఉన్నాయి. అక్కడైనా రెండు కణాలనూ కలిపే గొట్టాలు కనెక్సిన్ అనే ప్రోటీన్లతో కట్టినవే.

సందు దాటేది రసాయనమేనని ఎలా తేలింది?

కప్ప గుండెలతో. 1921లో ఓటో లోవీ రెండు కప్పల గుండెలను బయటికి తీసి, కొట్టుకుంటూ ఉండేలా ఉప్పు ద్రావణంలో ఉంచారు. ఒకదాని వేగస్ నరానికి కరెంటు ఇస్తే ఆ గుండె నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రావణాన్ని తీసి రెండో గుండె మీద పోస్తే, దాని నరాన్ని ఎవరూ ముట్టుకోకపోయినా అదీ నెమ్మదించింది. ద్రావణంలో ఏదో ఉంది. అది ఎసిటైల్‌కోలిన్ అని తర్వాత తెలిసింది.

ఈ ప్రయోగం లోవీకి కలలో తట్టిందట. మొదటి రాత్రి లేచి చీటీ మీద గీసుకుని మళ్లీ పడుకున్నారు. పొద్దున చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు. మర్నాడు రాత్రి అదే కల మళ్లీ వస్తే ఈసారి చీటీని నమ్ముకోకుండా నేరుగా ల్యాబ్‌కు వెళ్లిపోయారు. 1936లో హెన్రీ డేల్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. నోట్‌బుక్‌లో కోడిగీకుడు రాసే కొత్తవాళ్లకు నేను చెప్పే మొదటి కథ ఇదే.

ఒక సైనాప్స్‌లో ఎన్ని ప్రోటీన్లుంటాయి?

రకాలు అడుగుతున్నారా, మొత్తం సంఖ్యా? రకాలైతే వెయ్యికి పైమాటే. సైనాప్స్‌లో పనిచేస్తాయని ఆధారాలున్న జన్యువులను నిపుణులు ఒక్కచోట చేర్చిన సిన్‌గో అనే డేటాబేస్‌లో 2019లో 1,112 జన్యువులుండేవి.

సంఖ్యైతే ఇంకా విచిత్రం. ఎలుక మెదడులోని సగటు సైనాప్స్‌లో సందేశం పంపే కొసను తీసుకుని 2014లో లెక్కకట్టారు. సుమారు 3 లక్షల ప్రోటీన్ అణువులు తేలాయి. మైక్రోమీటరు అటూ ఇటూగా ఉండే చోట అంత జనాభా! సినిమాల్లో, పోస్టర్లలో చూపించే సైనాప్స్ బొమ్మ ఖాళీ గదిలో నాలుగు బంతులు తేలుతున్నట్టు ఉంటుంది. నిజానికి లోపల కాలు పెట్టే సందు ఉండదు.

ఆ కొసలో రసాయనాన్ని నింపుకుని ఉండే బుడగ లాంటి సంచులను వెసికిల్స్ అంటారు. ఒక్కోటి 40 నానోమీటర్ల అడ్డుకొలత ఉంటుంది. 2006లో ఒక వెసికిల్‌ను అణువు అణువుగా లెక్కపెట్టారు. సినాప్టోబ్రెవిన్ అనే ప్రోటీన్ దాదాపు 70 కాపీలుంది, సినాప్టోటాగ్మిన్ 15 ఉంది. సంచిలోకి రసాయనం ఎక్కాలంటే ముందు ప్రోటాన్లను లోపలికి తోసే పంపు ఒకటి కావాలి. అది మాత్రం ఒకటి, మహా అయితే రెండు. అదొక్కటి మొరాయిస్తే సంచి ఖాళీగానే మిగిలిపోతుంది. ఎక్కువ సంఖ్యలో కనిపించే ప్రోటీనే ముఖ్యమైనదని అనుకునే అలవాటు నాకు ఈ లెక్క చూశాకే పోయింది.

సంచిలోని రసాయనం బయటికి ఎలా వస్తుంది?

సంచి వెళ్లి కణం పొరలో కలిసిపోతుంది, లోపలున్నది సందులోకి ఒలికిపోతుంది. చెప్పడానికి తేలికే. కానీ రెండు కొవ్వు పొరలు దగ్గరికొస్తే ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి తప్ప కలవవు. వాటిని బలవంతంగా దగ్గరికి లాగాలి.

ఆ లాగే పనిని మూడు ప్రోటీన్లు చేస్తాయి. సంచి మీద సినాప్టోబ్రెవిన్, కణం పొర మీద సింటాక్సిన్, స్నాప్-25. మూడింటినీ కలిపి స్నేర్ ప్రోటీన్లు అంటారు. తాడు పేనడం చూసినవాళ్లకు వీటి పని ఇట్టే అర్థమవుతుంది. సినాప్టోబ్రెవిన్ ఒక పాయ, సింటాక్సిన్ ఒక పాయ, స్నాప్-25 రెండు పాయలు. నాలుగు పాయలూ ఒక కొస నుంచి పురి ఎక్కుతూ వస్తాయి. పురి ఎక్కేకొద్దీ సంచి పొర దగ్గరికి వచ్చేస్తుంది. 1998లో ఈ నాలుగు పాయల తాడును స్ఫటికం చేసి ఎక్స్‌రేలతో చూశారు. అంత గట్టిగా పెనవేసుకున్న ప్రోటీన్లు అరుదు. మళ్లీ వాడుకోవాలంటే ఆ పురిని విప్పాలి. అందుకు ఎన్‌ఎస్‌ఎఫ్ అనే వేరే ప్రోటీన్ కణానికి ఇంధనం లాంటి ఏటీపీని ఖర్చుపెడుతుంది.

పురి చివరిదాకా ఎక్కకుండా కాచుకుని ఉండటం మరో ఎత్తు. సంకేతం కొసకు చేరగానే కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి. లోపలికొచ్చిన కాల్షియాన్ని సినాప్టోటాగ్మిన్ పట్టుకుంటుంది, మరుక్షణం సంచి కలిసిపోతుంది. కాల్షియం రావడానికీ రసాయనం ఒలకడానికీ మధ్య మిల్లీసెకను కూడా పట్టదు. మంక్18, మంక్13 అనేవి స్నేర్లను సరైన వరుసలో జతపరిచే మేస్త్రీలు. వెసికిల్ రవాణా గుట్టు విప్పినందుకు రోత్‌మన్, షెక్‌మన్, స్యూదోఫ్‌లకు 2013లో నోబెల్ వచ్చింది. వీరిలో షెక్‌మన్ పనిచేసింది ఈస్ట్ మీద. మెదడే లేని ఒంటికణం జీవిలో దొరికిన జన్యువులకు మన సైనాప్స్‌లో చుట్టాలుండటం ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి.

ఏ ప్రోటీన్ ఏ పని చేస్తుందో ఎలా చెప్పగలుగుతారు?

దాన్ని తీసేసి చూస్తాం. మళ్లీ పెట్టి చూస్తాం. ఒక ప్రోటీన్ సైనాప్స్‌లో కనిపించినంత మాత్రాన అక్కడ ఏదో పని చేస్తోందని చెప్పలేం. పెళ్లిలో కనిపించిన ప్రతివాడూ పెళ్లివారి మనిషి కాడు కదా.

తీసేయడంలో మనకంటే ముందే ఆరితేరినవి బ్యాక్టీరియాలు. ధనుర్వాతం తెచ్చే విషం నిజానికి ఒక కత్తెర. అది సినాప్టోబ్రెవిన్‌ను కత్తిరిస్తుందని 1992లో తేలింది. బొటులినమ్ విషాల్లో బి రకం కూడా సరిగ్గా అదే ప్రోటీన్‌ను, అదే బంధం దగ్గర కత్తిరిస్తుంది. కానీ రోగాలు చూడండి. ధనుర్వాతంలో కండరాలు బిగుసుకుని ఒళ్లు విల్లులా వంగిపోతుంది, ఆ పేరే అందుకు వచ్చింది. బొటులినమ్‌లో కండరాలు వాలిపోతాయి. కత్తిరింపు ఒకటే, చోటు వేరు. బొటులినమ్ నరం కండరాన్ని కలిసే చోటే పనిచేసి, బిగించమనే సంకేతాన్ని ఆపేస్తుంది. ధనుర్వాత విషం నరం వెంట వెన్నుపాము దాకా పాకి, "చాలు, వదులు" అని కండరాలకు కళ్లెం వేసే కణాల నోరు నొక్కేస్తుంది. ఈ ప్రోటీన్ ఏం చేస్తుంది అని ఎవరైనా అడిగితే, ఏ కణంలో అని నేను ఎదురు అడిగేది ఇందుకే.

తర్వాత పురుగులు. సీ. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పొడవు పురుగులో నాడీకణాలు 302 మాత్రమే. సిడ్నీ బ్రెన్నర్ 1974లో వీటిలో సరిగా పాకలేనివాటిని ఏరి, వాటి లోపాలకు అంక్ అని పేరుపెట్టి నంబర్లు వేశారు. "తడబడే" అనే అర్థమున్న ఇంగ్లిష్ మాటకు పొట్టిపేరు అది. అంక్-13, అంక్-18 అలా వచ్చినవే. పైన చెప్పిన మంక్13, మంక్18 పేర్లలో మిగిలింది ఆ పురుగు తడబాటే.

పండ్ల ఈగల్లో షిబిరే అనే రకం ఉంది. జపనీస్‌లో మొద్దుబారడం అని అర్థం. ఒకసారి చూస్తే మరచిపోలేరు. గాజు గొట్టంలో ఈగలు మామూలుగా గోడలెక్కుతూ ఉంటాయి. గొట్టాన్ని 30 డిగ్రీలు దాటిన నీళ్లలో ముంచితే కాసేపటికి ఒక్కొక్కటే జారి అడుగున పడిపోతాయి. కాళ్లు పైకి, కదలిక ఉండదు. బయటికి తీసి చల్లబరిస్తే కొద్ది నిమిషాల్లో లేచి ఒళ్లు దులుపుకుని మళ్లీ గోడెక్కుతాయి. వీటిలో డైనమిన్ అనే ప్రోటీన్ వేడికి పనిచేయదు. పొరలో కలిసిపోయిన సంచులను తిరిగి తుంచి లోపలికి తెచ్చుకునేది అదే. అది ఆగితే ఉన్న సంచులు అయిపోతాయి, కొత్తవి రావు. నేను మొదటిసారి చూసినప్పుడు ఈగలను చంపేశాననుకుని కంగారుపడ్డాను.

చివరగా నాకౌట్ చిట్టెలుకలు, అంటే ఒక జన్యువును పనిగట్టుకుని తీసేసినవి. 2000లో మంక్18-1 జన్యువు లేని చిట్టెలుకలను తయారుచేశారు. రసాయనం ఒక్క చుక్క కూడా బయటికి రాలేదు, ఊపిరి తీసుకోలేక పుట్టగానే చనిపోయాయి. అందరినీ ఆశ్చర్యపరిచింది వేరే విషయం. పిండంలో మెదడు పొరలు మామూలుగానే ఏర్పడ్డాయి, సైనాప్స్‌లు కూడా కట్టుకున్నాయి. ఒక్క మాట కూడా ఇచ్చిపుచ్చుకోకుండానే కణాలు తమ జతను వెతుక్కోగలిగాయి. కాకపోతే ఆ తర్వాత అవి బతకలేదు, రాలిపోయాయి.

ల్యాబ్‌లో రోజూ చేసే పని ఎలా ఉంటుంది?

ఎక్కువ భాగం ఐసు, పిపెట్టు, ఎదురుచూపు.

మెదడు కణజాలాన్ని చక్కెర ద్రావణంలో వేసి మెత్తగా, చల్లగా నూరతాం. ఎక్కువ నూరితే అన్నీ చితికిపోతాయి. సరిగ్గా నూరితే సైనాప్స్ కొసలు మొక్క నుంచి మొగ్గలు తెగినట్టు తెగి, తెగిన చోట పొర మూసుకుపోయి చిన్న గుళ్లలా మిగులుతాయి. వీటిని సినాప్టోసోమ్‌లు అంటారు. 1960ల మొదట్లో విట్టేకర్, డి రాబర్టిస్ ఎవరికి వారు కనిపెట్టిన పద్ధతి ఇది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి వీటిని వేరుచేస్తాం. ఐసు ఎందుకంటే, కణం చితకగానే దానిలోని ప్రోటీన్‌లను కోసే ఎంజైములు పండగ చేసుకుంటాయి. ప్రోటీన్ల మీద ఉండే ఫాస్ఫేట్ గుర్తులైతే నిమిషాల్లో చెరిగిపోతాయి. ఫోన్ మాట్లాడుతూ గొట్టాన్ని బల్ల మీద వదిలేస్తే ఆ రోజు సంగతి అంతే.

తర్వాత వెస్టర్న్ బ్లాట్. ప్రోటీన్లను సబ్బు లాంటి ఎస్‌డీఎస్‌తో విప్పి, జెల్‌లో కరెంటు పెట్టి పరుగెత్తిస్తాం. చిన్నవి ముందు, పెద్దవి వెనక. అలా విడిపోయినవాటిని పలచని పొర మీదికి ఎక్కించి, మనకు కావలసిన ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీతో తడుపుతాం. ఎక్కడ పట్టుకుంటే అక్కడ బ్యాండ్ కనిపిస్తుంది. స్నాప్-25 పేరులోని 25, అవతలి ఒడ్డున ఉండే పీఎస్‌డీ-95 పేరులోని 95 ఈ జెల్ మీద తేలిన బరువులే, అణువుల బరువు కొలిచే కిలోడాల్టన్లలో.

నా బ్లాట్‌లో బ్యాండ్ చక్కగా వచ్చింది. ఇంక నమ్మొచ్చా?

నమ్మకండి. నా అనుభవం చెబుతాను. ఒక యాంటీబాడీతో సరైన బరువు దగ్గర ఒకే ఒక్క బ్యాండ్, అద్దం మీద గీసినట్టు వచ్చేది. మూడు నెలలు దానితో పనిచేశాను. పట్టికలు, గ్రాఫులు అన్నీ సిద్ధం. ఒక సీనియర్ అక్క చూసి, "నాకౌట్ శాంపిల్ నడిపావా?" అంది. ఆ ప్రోటీన్ అసలే లేని చిట్టెలుక మెదడును పక్క గాడిలో పోసి నడిపితే అక్కడా అదే బ్యాండ్, అంతే చక్కగా వచ్చింది. అది పట్టుకుంటున్నది దాదాపు అంతే బరువున్న మరో ప్రోటీన్‌ను. అమ్మినవాళ్ల కాగితం మీద మాత్రం అంతా బాగానే ఉంది. ఆ రోజు టీ కూడా తాగబుద్ధి కాలేదు.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది: కొత్త యాంటీబాడీ రాగానే మొదటి జెల్‌లోనే ప్రోటీన్ లేని శాంపిల్ ఒకటి, కావాలని ఎక్కువగా తయారుచేయించిన శాంపిల్ ఒకటి పక్కపక్కన ఉండాలి. ఆ రెండు గాడులూ లేని బ్లాట్‌ను ఎవరు చూపించినా నేను మర్యాదకు తల ఊపుతానంతే.

మైక్రోస్కోపు కింద నేరుగా చూడొచ్చు కదా?

మామూలు కాంతి మైక్రోస్కోపు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలను విడదీసి చూపలేదు. మన సంచి 40, సందు 20. అందుకే ఆకుపచ్చ చుక్క, ఎర్ర చుక్క కలిసి పసుపుగా కనిపిస్తే "రెండు ప్రోటీన్లూ కలిసి ఉన్నాయి" అనడానికి తొందరపడకూడదు. రెండూ ఒకే వీధిలో ఉన్నాయని మాత్రమే దాని అర్థం. ఒకే ఇంట్లో ఉన్నాయో లేదో తెలియాలంటే ఆ హద్దును దాటిన సూపర్ రిజల్యూషన్ మైక్రోస్కోపులు కావాలి. బెట్జిగ్, హెల్, మోర్నర్‌లకు 2014 కెమిస్ట్రీ నోబెల్ వాటికే ఇచ్చారు. ఇంకా లోతుకు వెళ్లాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉంది. కాకపోతే అందులో అన్నీ ఆగిపోయిన బొమ్మలే.

కదులుతుండగా చూడటానికి ఒక ముచ్చటైన ఉపాయం ఉంది. సంచి లోపల పులుపు ఎక్కువ, పీహెచ్ 5.5 దరిదాపుల్లో ఉంటుంది. బయట 7.4. పులుపులో ఆరిపోయి, బయటపడితే వెలిగే ఆకుపచ్చ ప్రోటీన్ ఒకటి 1998లో తయారైంది. దాన్ని సినాప్టోబ్రెవిన్‌కు తోకలా తగిలించి, సంచి లోపలి వైపు ఉండేలా చూస్తారు. సంచి తెరుచుకున్న ప్రతిసారీ ఒక చుక్క వెలుగుతుంది, సంచి తిరిగి లోపలికెళ్లి పులిసేకొద్దీ ఆరిపోతుంది. చీకటి గదిలో స్క్రీన్ మీద ఒక్కో సైనాప్స్ మిణుగురులా వెలిగి ఆరుతుంటే భోజనానికి లేవబుద్ధి కాదు.

ప్యాచ్ క్లాంప్ కరెంటు కొలిచే పద్ధతి కదా, ప్రోటీన్ల పేజీలో ఎందుకు?

ఒక్క ప్రోటీన్ అణువు పనిచేస్తుండగా చూపించగలిగిన తొలి పద్ధతుల్లో అది ఒకటి కాబట్టి. 1976లో నేహర్, సాక్‌మన్ సన్నటి గాజు గొట్టం మొనను కప్ప కండరం పొరకు ఆనించి, ఒక్క ద్వారం తెరుచుకున్నప్పుడు వచ్చే కరెంటును పట్టుకున్నారు. కొన్ని పికోఆంపియర్లు. తెర మీద గీత మెట్టులా దిగుతుంది, కాసేపు ఆగుతుంది, మళ్లీ మెట్టులా ఎక్కుతుంది. ద్వారం తెరుచుకుంది, మూసుకుంది, అంతే. మధ్యలో సగం తెరవడాలు దాదాపు ఉండవు. 1991లో నోబెల్ వచ్చింది.

అవతలి ఒడ్డున సంకేతాన్ని అందుకునే రిసెప్టర్ ఎలా దొరికింది?

పాము, చేప కలిసి పట్టించాయి. కట్లపాము జాతికి చెందిన ఒక పాము విషంలో కండరాలను పడేసే ప్రోటీన్ ఉందని 1963లో తైవాన్‌లో చాంగ్, లీ వేరుచేశారు. పేరు ఆల్ఫా బంగరోటాక్సిన్. అది ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్‌ను ఉడుంపట్టు పడుతుంది. రిసెప్టర్‌ను ఏరడానికి గాలం దొరికిందన్నమాట. ఇక చెరువు కావాలి. మన కండరాల్లో ఈ రిసెప్టర్ చాలా కొద్దిగా ఉంటుంది. షాక్ కొట్టే చేపల విద్యుత్ అవయవంలో మాత్రం గుట్టలుగా ఉంటుంది, అక్కడ పనే అది. 1970ల్లో ఈ గాలంతో, ఆ చేపల్లో రిసెప్టర్‌ను శుద్ధిచేశారు.

కథ అక్కడితో ఆగలేదు. 1973లో ప్యాట్రిక్, లిండ్‌స్ట్రోమ్ యాంటీబాడీలు తయారుచేసుకుందామని ఈల్ చేప రిసెప్టర్‌ను కుందేళ్లకు ఎక్కించారు. కుందేళ్లు నీరసించి తల వాల్చేశాయి. వాటి యాంటీబాడీలు చేప రిసెప్టర్‌తో పాటు తమ సొంత రిసెప్టర్ల మీద కూడా పడ్డాయి. కండరాలు నీరసించిపోయే మయస్థీనియా గ్రేవిస్ రోగుల్లో జరిగేదీ ఇదేనని ఆ కుందేళ్లే చూపించాయి. యాంటీబాడీ కోసం పోతే రోగం గుట్టు దొరికింది.

ఈ ప్రోటీన్లు చెడిపోతే ఇంకా ఏ రోగాలొస్తాయి?

చాలా ఉన్నాయి, రెండు మూడు చెబుతాను. మంక్18-1ను తయారుచేసే జన్యువు పేరు ఎస్‌టీఎక్స్‌బీపీ1. దాని రెండు కాపీల్లో ఒకటి చెడినా పసితనంలోనే మూర్ఛలు, ఎదుగుదల లోపాలు వస్తాయని 2008 నుంచి తెలుసు. మెదడు సైనాప్స్‌లలో సంకేతం అందుకునే ఎన్‌ఎండీఏ రిసెప్టర్ మీద ఒంట్లోని యాంటీబాడీలే దాడిచేస్తే వచ్చే మెదడువాపును 2007లో గుర్తించారు. ఉన్నట్టుండి భ్రమలు, వింత ప్రవర్తన మొదలవుతాయి కాబట్టి పిచ్చి అనుకుంటారు. సకాలంలో పట్టుకుంటే చాలామంది కోలుకుంటారు. పార్కిన్‌సన్స్‌లో పేరుకుపోయే ఆల్ఫా సిన్యూక్లిన్ కూడా మామూలుగా సైనాప్స్ కొసల్లో కాపురముండేదే.

మందుల వైపు చూస్తే, మూర్ఛకు వాడే లెవిటిరాసిటమ్ పట్టుకునేది వెసికిల్ మీది ఎస్‌వీ2ఏ అనే ప్రోటీన్‌ను. మందు వాడుకలోకి వచ్చాక, 2004లో ఆ సంగతి తెలిసింది. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉండి ఇది చదువుతుంటే, జబ్బు వెనక యంత్రాంగం వరకే ఇక్కడ చూడండి. మందుల సంగతి న్యూరాలజిస్ట్‌తోనే తేల్చుకోండి.

ప్రోటీన్ ఎక్కువ తింటే సైనాప్స్‌లు బలపడి జ్ఞాపకశక్తి పెరుగుతుందా?

పెరగదు. తిన్న ప్రోటీన్ కడుపులో, పేగుల్లో అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. సినాప్టోబ్రెవిన్‌ను కణం తనంతట తాను, తన జన్యువు చూసి కట్టుకుంటుంది. డబ్బా మీద మెదడు బొమ్మ ఉన్నా సరే.

ప్రోటీన్లు అరిగిపోతాయి కదా, మరి జ్ఞాపకాలు ఏళ్ల తరబడి ఎలా నిలుస్తాయి?

ఈ ప్రశ్న అడిగినవాళ్లకు నేను కుర్చీ వేసి కూర్చోబెడతాను. సైనాప్స్ ప్రోటీన్లలో చాలావాటి ఆయుష్షు కొన్ని రోజులు, మహా అయితే కొన్ని వారాలు. చిన్నప్పుడు చెట్టు మీద నుంచి పడ్డ జ్ఞాపకం మాత్రం అలాగే ఉంటుంది. డీఎన్ఏ నిర్మాణం చెప్పిన ఫ్రాన్సిస్ క్రిక్ 1984లో ఇదే ప్రశ్న లేవనెత్తి, ఒక ఊహ కూడా చెప్పారు. ప్రోటీన్లు జట్లుగా ఉండి, వాటి మీద ఒక గుర్తు ఉందనుకోండి. జట్టులో ఒకటి అరిగి కొత్తది వస్తే, పాతది తన గుర్తును కొత్తదానికి వేస్తుంది. అందరూ ఒకేసారి మారరు కాబట్టి గుర్తు పోదు.

ఆ వర్ణనకు చాలావరకు సరిపోయే ప్రోటీన్ ఒకటి నిజంగానే ఉంది: కామ్‌కైనేజ్ 2. సాధారణంగా పన్నెండు ముక్కలు కలిసి రెండు చక్రాల్లా అమరి ఉంటుంది. కాల్షియం వచ్చినప్పుడు ఒక ముక్క పక్క ముక్కకు ఫాస్ఫేట్ గుర్తు పెడుతుంది. గుర్తుపడ్డ ముక్క కాల్షియం వెళ్లిపోయాక కూడా పనిచేస్తూనే ఉంటుంది. సైనాప్స్ బలపడటం మొదలవడానికి ఇది కావాలి, అందులో గొడవ లేదు. ఏళ్ల తరబడి నిలబెట్టేదీ ఇదేనా అంటే మాత్రం ఈ రంగంలో ఇంకా వాదనలు నడుస్తున్నాయి. నా మట్టుకు నాకు ఒక్క ప్రోటీన్ మీద అంత భారం వేయడం అనుమానంగానే ఉంటుంది.

ఆల్ఫాఫోల్డ్ వచ్చేసింది కదా, ఇంకా ఈ ప్రయోగాలన్నీ దేనికి?

ప్రోటీన్ ఆకారాన్ని ఊహించి చెప్పే ఏఐ ప్రోగ్రామ్ ఆల్ఫాఫోల్డ్. అది నిజంగా పెద్ద సాయం, ఒప్పుకుంటాను. ఒకప్పుడు ఏళ్లు పట్టే ఆకారం ఇప్పుడు టీ తాగి వచ్చేలోపు స్క్రీన్ మీద ఉంటోంది. 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో సగం దానికే దక్కింది. అయితే సినాప్టోబ్రెవిన్ ఒంటరిగా ఉన్నప్పుడు దానికి స్థిరమైన ఆకారమే ఉండదు, వేలాడే దారం ముక్కలా ఉంటుంది. తోడు దొరికాకే పురి ఎక్కుతుంది. ఎప్పుడు తోడు దొరుకుతుంది, ఎన్ని తాళ్లు పేనితే ఒక సంచి తెరుచుకుంటుంది, ఆ మిల్లీసెకనులో ఎవరు ఎవరిని వదిలారు అనేవి ఆకారం చూస్తే తేలవు.

జంతువులు లేకుండా చేయలేమా?

కొంతవరకు చేస్తున్నాం. 1998లో స్నేర్ ప్రోటీన్లను మాత్రమే కృత్రిమ కొవ్వు బుడగల్లో అమర్చితే బుడగలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, జంతువు అవసరం రాలేదు. చర్మం, రక్తకణాల నుంచి మూలకణాలు తయారుచేసి, వాటిని నాడీకణాలుగా మారుస్తున్నారు కూడా. ఆ కణాలు సైనాప్స్‌లు కట్టుకునేసరికి వారాలు పడుతుంది, ఈలోగా చేతికి మట్టి అంటినా ఫంగస్ పట్టి పోతాయి. మొత్తం మెదడులో, నడిచే ప్రాణిలో ఏం జరుగుతుందో చెప్పడానికి మాత్రం ఇప్పటికీ ఈగలు, పురుగులు, చిట్టెలుకలు కావాలి.

ఈ పనిలోకి రావాలంటే ఏం చదివి ఉండాలి?

బయోకెమిస్ట్రీ, జువాలజీ, ఫార్మసీ, ఫిజిక్స్ చదివినవాళ్లందరూ ఉన్నారు. కోడింగ్ కొంచెం వస్తే ఇమేజ్‌లు లెక్కపెట్టుకోవడానికి పనికొస్తుంది.

మొదటి ప్రయోగానికి ఏ ప్రోటీన్ తీసుకోవాలి?

స్నాప్-25. మెదడులో పుష్కలంగా ఉంటుంది, దానికి నమ్మదగిన యాంటీబాడీలున్నాయి, పైగా దానికి సొంత కత్తెర ఉంది. పెంచిన నాడీకణాలు రెండు పళ్లాలు తీసుకుని, అనుమతి, శిక్షణ ఉన్నవాళ్ల పర్యవేక్షణలో ఒకదానికి బొటులినమ్ ఏ విషం ఇస్తారు. ఆ విషం స్నాప్-25 తోక నుంచి 9 అమైనో ఆమ్లాలను కత్తిరిస్తుంది. మొత్తం ఉన్నవి 206. మర్నాడు రెండు శాంపిల్స్‌నూ పక్కపక్క గాడుల్లో నడిపి బ్లాట్ చేయండి. విషం తగిలిన గాడిలో బ్యాండ్ వెంట్రుకవాసి కిందికి జారి ఉంటుంది. జెల్ తొందరగా ఆపేస్తే తేడా కనిపించదు, కాస్త ఎక్కువసేపు పరుగెత్తించండి. తర్వాత అవే రెండు పళ్లాల్లో కణాల మీద ప్యాచ్ క్లాంప్ పెట్టమని పక్కవాళ్లను అడగండి. ఒకదానిలో స్క్రీన్ నిండా సంకేతాలు కదులుతుంటాయి. 9 తగ్గిన దానిలో గీత దాదాపు పడుకునే ఉంటుంది.